ఒకే వేళకు ఇద్దరు శిష్యులు

హైదరాబాద్,
కనుమ వెళ్ళిన నాలుగో రోజు.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అమ్మాయికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

పండుగకు రాజమహేంద్రవరం వచ్చినప్పుడు అరిసెలు వత్తుతూ నీవు చెప్పిన సంగతి తిరుగు ప్రయాణమంతా నా మనసులో మెదులుతూనే ఉంది. ఆన్‌లైన్ సంగీత పాఠాలకు శిష్యులు పద్నాలుగు మంది అయినందుకు సంతోషించాను. అయితే నెలకు రెండు మూడు సార్లైనా ఒకే వేళ ఇద్దరికి మాట ఇచ్చి, ఎవరో ఒకరి తల్లిదండ్రులకు క్షమాపణ చెప్పుకోవలసి వస్తోందని, దానికి నీ మతిమరుపే కారణమని నీవు అనుకోవడం నాకు నచ్చలేదు. వందల కృతులు కంఠస్థం చేసినదానికి మతిమరుపు ఏమిటి? నీ పాఠాల్లో కొన్ని క్యాలెండర్‌లో ఉన్నాయి, కొన్ని వాట్సాప్‌లో ఉన్నాయి, మిగిలినవి నీ తలలో ఉన్నాయి. ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. చిక్కంతా అక్కడే వస్తోంది.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు. అమెరికా క్లయింట్లతో పనిచేసిన రోజుల్లో ప్రతి సోమవారం రాత్రి 7:30కి వారితో ఒక సమావేశం ఉండేది. అక్కడివారు తమ ఉదయం తొమ్మిది గంటలకు దానిని పెట్టుకున్నారు. మార్చిలో ఒక సోమవారం సాయంత్రం ఆరున్నరకు నేను రైతుబజారులో దొండకాయలు ఏరుకుంటుండగా ఫోన్ మోగింది. అందరూ చేరారు, మీరెక్కడ అని అడిగారు. వేసవి వస్తోందని ఏటా జరిపినట్లే, ముందురోజే అక్కడ గడియారాలు గంట ముందుకు జరిగాయని నాకు తట్టనే లేదు. అంతకంటే తలవంపు ఏమిటంటే, అదే ఆరున్నరకు మా సొంత బృందంతో సమీక్ష కూడా ఉంది. ఆ సమావేశం ఉందన్న సంగతి నా తలలో తప్ప మరెక్కడా లేదు. చేతిలో కూరగాయల సంచితో, ఒకే ఫోన్‌లో రెండు చోట్ల సంజాయిషీ చెప్పుకున్న ఆ సాయంత్రం తరువాతనే నేను బుద్ధి తెచ్చుకున్నాను.

కనుక మొదటి పని, నీ సమయాన్ని తినే ప్రతి వ్యవహారాన్నీ ఒకే క్యాలెండర్‌లోకి తెచ్చిపెట్టడం. పాఠాలు మాత్రమే వ్రాసుకుంటే చాలదు. పిల్లవాణ్ణి బడికి దించే అరగంట, గురువుగారి దగ్గర నీవు చేసుకునే పాఠాంతరం, మావగారిని నెలకొకసారి ఆసుపత్రికి తీసుకువెళ్ళే రోజు, నీ సొంత సాధన, ఇవన్నీ అందులో ఉండాలి. ముఖ్యంగా సాధన ఉండాలి, ఎందుకంటే వ్రాయని సాధనవేళను మొదట ఆక్రమించేవారు నీ శిష్యులే. నీవు వాడుతున్న గూగుల్ క్యాలెండర్‌లో అపాయింట్‌మెంట్ షెడ్యూల్ అనే వసతి ఉన్నది కదా. శిష్యులు తమంతట తామే పాఠం వేళ ఎంచుకునే బుకింగ్ పేజీ అందులో ఉంటుంది. ఉచిత ఖాతాలో ఆ పేజీ నీ ప్రధాన క్యాలెండర్‌ను చూసుకొని ఖాళీలు చూపిస్తుంది. ఇంటి పనులకు పచ్చరంగుది ఒకటి, కచేరీలకు ఎర్రరంగుది ఒకటి అని నీవు ముచ్చటగా వేర్వేరు క్యాలెండర్లు చేసుకున్నావని చూశాను. చూడటానికి బాగుంటాయి కాని, వాటిలో వ్రాసినవి ఆ పేజీకి కనబడవు. రంగుల ముచ్చట తీర్చుకోవాలంటే ప్రధాన క్యాలెండర్‌లోనే ఒక్కొక్క పనికి ఒక్కొక్క రంగు వేసుకోవచ్చు.

ఇక్కడ చాలామంది పడే గోతి ఒకటి ఉంది. మొన్నటి త్యాగరాజ ఆరాధన నాడు నీవు పంచరత్న గోష్ఠిలో కూర్చుని ఉండగా లండన్ నుంచి శిష్యురాలి తల్లి ఫోన్ చేసిందని, ఆ రోజును క్యాలెండర్‌లో వ్రాసి కూడా ఇలా ఎందుకు జరిగిందని అడిగావు కదా. వ్రాసిన మాట నిజమే. దానిని రోజంతా ఉండే ఘటనగా వ్రాశావు. రోజంతా అని గుర్తించినవాటిని గూగుల్ గానీ అవుట్‌లుక్ గానీ వాటంతట అవి 'ఫ్రీ'గానే లెక్కిస్తాయి, పుట్టినరోజు ఉన్నంత మాత్రాన మనిషికి పని తీరిక లేదని కాదు కదా అన్నది వాటి తర్కం. ఆ పద్దును తెరిచి 'ఫ్రీ' అన్నచోట 'బిజీ' అని మార్చితేనే ఆ రోజు తలుపు మూసుకుంటుంది. ఈ ఉత్తరం చదవడం ఆపి, ముందుగా శివరాత్రినీ, రాబోయే కచేరీలనూ తెరిచి చూడు. ఎన్ని ఫ్రీ అని ఉన్నాయో చూస్తే నీకే ఆశ్చర్యం వేస్తుంది. మన పండుగలూ ఆరాధనలూ తిథులను బట్టి వస్తాయి కనుక ఏటా తారీఖులు మారుతుంటాయి. ఉగాదికి కొత్త పంచాంగం ఇంటికి రాగానే ఒక పూట కూర్చుని ఏడాదికి సరిపడా ఆ తేదీలన్నీ బిజీగా ఎక్కించుకోవడం నా అలవాటు. మీ మామయ్య దానికే పంచాంగ శ్రవణం అని పేరు పెట్టారు.

ఇక అసలు చిక్కు గడియారాలది. శనివారం ఉదయం నీకు డాలస్ పిల్లవాడికీ, సిడ్నీ అమ్మాయికీ మధ్య వచ్చిన పేచీని నీవు చెబుతుండగానే నేను కాగితం మీద వేసుకున్నాను. డాలస్ వారు తమ శుక్రవారం రాత్రి ఎనిమిది గంటలు కావాలన్నారు. సిడ్నీ వారు తమ శనివారం మధ్యాహ్నం ఒంటి గంట అన్నారు. వేసవిలో నీవు ఒప్పుకున్నప్పుడు మొదటిది మనకు శనివారం ఉదయం 6:30, రెండవది 8:30. మధ్యలో కాఫీ తాగి, నీ పిల్లవాడికి జడలా చిక్కుపడ్డ జుట్టు దువ్వే తీరిక కూడా ఉండేది. అక్టోబర్ మొదటి ఆదివారం సిడ్నీలో గడియారం గంట ముందుకు జరిగింది, దానితో ఆ అమ్మాయి పాఠం మనకు 7:30కి వచ్చింది. అప్పటికీ రెండు పాఠాలూ ఒకదాని వెంట ఒకటి పడ్డాయే గాని గుద్దుకోలేదు. నవంబర్ మొదటి ఆదివారం డాలస్‌లో గడియారం గంట వెనక్కి వచ్చింది, ఆ పిల్లవాడి పాఠం మనకు 6:30 నుంచి 7:30కి జరిగింది. ఇద్దరూ ఒకే నిమిషానికి నీ ముందు కూర్చున్నారు. ఎవరూ వేళ మార్చలేదు, ఎవరూ మాట తప్పలేదు. ఇద్దరూ తమ ఊరి గడియారానికి కట్టుబడ్డారు, నడుమ నలిగినది నీవు.

దీనికి నా మార్గం ఒకటే. నీ పాఠాలన్నిటినీ భారత కాలమానానికి, అంటే సెట్టింగులలో కోల్‌కతా పేరుతో కనిపించే దానికి కట్టివేయి. నీ శిష్యుల ఊళ్ళలో ఫీనిక్స్ తప్ప మిగిలినవాటి గడియారాలన్నీ ఏడాదికి రెండు సార్లు కదులుతాయి. ఫీనిక్స్ ఉన్న అరిజోనా రాష్ట్రంలో ఆ ఆచారం దాదాపు ఎక్కడా లేదు కనుక ఫీనిక్స్ పిల్లవాడితో నీకు ఎన్నడూ పేచీ రాకపోవడంలో వింత ఏమీ లేదు. మన గడియారం కదలదు. ఉత్తరప్రదేశ్ నుంచి మన కాకినాడ చేరువగా దిగే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని పట్టుకొని, గ్రీనిచ్ కంటే 5:30 గంటలు ముందు, ఏడాది పొడవునా అక్కడే ఉంటుంది. కదలని మేకుకు తాడు కట్టుకోవాలి గాని కదిలే దూడకు కాదు. డాలస్ వారి పాఠం మనకు శనివారం 6:30 అని స్థిరపరిస్తే అక్కడ వేసవిలో రాత్రి 8, చలికాలంలో 7 అవుతుంది. సిడ్నీ వారిది 8:30 అని ఉంచితే అక్కడ ఒంటి గంట, లేదా రెండు. బుకింగ్ పేజీ చూసేవారికి వారి వారి ఊరి వేళలోనే స్లాట్లు కనబడతాయి కనుక లెక్క కట్టే శ్రమ వారికి ఉండదు.

చలికాలంలో ఏడు గంటలకైతే మా వారు ఆఫీసు నుంచి రారు, పిల్లవాడికి ఈత తరగతి ఉంది అని డాలస్ తల్లి అనవచ్చు. అనడం సబబే. అందుచేత ఏడాదికి రెండు సార్లు అందరి వేళలనూ తిరిగి ముందు వేసుకొని చూడాలి. అమెరికాలో మార్పు మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం జరుగుతుంది. 2026లో అవి మార్చి 8, నవంబర్ 1. లండన్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం, అంటే ఈ ఏడాది మార్చి 29, అక్టోబర్ 25. న్యూజెర్సీ పిల్ల, లండన్ పిల్ల కలిసి నేర్చుకునే నీ ఆదివారపు పాఠం ఈ మార్చిలో మూడు వారాలపాటు వారిద్దరి మధ్య ఐదు గంటల తేడాకు బదులు నాలుగు గంటల తేడాతో నడుస్తుందని ఇప్పుడే వారికి చెప్పి ఉంచు. ఈ తేదీలన్నీ గుర్తుండవనుకుంటే, శివరాత్రి వెళ్ళాక ఒకసారి, దసరా నాటికి ఒకసారి కూర్చో. చలి శివ శివా అంటూ వెళ్ళిపోయే వేళకు అమెరికా గడియారం కూడా కదలడానికి సిద్ధమవుతుందని పెట్టుకో. తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు ఈఎస్‌టీ, సీఎస్‌టీ అనే అమెరికా కాలమానాల పొడి అక్షరాలు వాడవద్దు. వారు నిండు జూలైలో కూడా ఈఎస్‌టీ అనే అంటారు, అప్పుడు అక్కడ నడిచేది అది కాదు, గంట ముందుకు జరిపిన వేసవి కాలమానం. ఊరి పేరు చెప్పు, చాలు.

ప్రతివారం వచ్చే పాత శిష్యులను బుకింగ్ పేజీకి పంపవద్దని నా అభిప్రాయం. వారి పాఠాలను వారం వారం పునరావృతమయ్యే పద్దులుగా నీవే వేసి ఉంచు. అవి బిజీగా ఉంటాయి కనుక పేజీలో ఆ వేళలు ఎవరికీ కనబడవు. తప్పిపోయిన పాఠాన్ని తిరిగి పెట్టుకోవడానికీ, కొత్తగా చేరదలచినవారి మొదటి పరిచయానికీ మాత్రమే పేజీ ఉండనీ, దానికి వారానికి ఐదారు గంటలు విడిచిపెడితే సరిపోతుంది. నీవు ఇప్పుడు ఉదయం ఐదున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచి పెట్టావు. అది ఉదారతలా కనిపిస్తుంది గాని, నీకు గొంతుకు విశ్రాంతి అక్కరలేదని ప్రపంచానికి చాటినట్లు ఉంది.

పాఠం నలభై ఐదు నిమిషాలైతే దాని వెనుక పదిహేను నిమిషాల ఎడం పెట్టు. పాఠం అయ్యాక తల్లి వచ్చి వచ్చే నెల పాటల పోటీ గురించి పది నిమిషాలు మాట్లాడకుండా ఎన్నడైనా ఉన్నదా? తరువాతి శిష్యురాలి శ్రుతి మార్చుకోవాలి, గుక్కెడు వేడినీళ్ళు తాగాలి. ఇక, ఎంత ముందుగా బుక్ చేసుకోవాలన్న గడువును ఇరవై నాలుగు గంటలకు తక్కువ పెట్టవద్దు. మనం నిద్రపోయే వేళకే అక్కడివారు మేలుకొని పనులు చక్కబెట్టుకుంటారు. గడువు నాలుగు గంటలే అయితే, అర్ధరాత్రి వారు బుక్ చేసుకున్న ఆరున్నర పాఠం సంగతి నీవు ఆరింటికి పళ్ళు తోముకుంటూ చూస్తావు. ఎంత దూరం వరకు బుక్ చేసుకోవచ్చన్నదానికి ముప్పై రోజులు చాలు. మూడు నెలల తరువాతి నీ కచేరీలు నీకే తెలియవు.

ఎన్ని అమర్చినా వాట్సాప్‌లో ఒక్క మాట అంతా చెడగొడుతుంది. 'రేపు ఒక గంట ముందు పెట్టుకుందామా అండీ' అని వస్తుంది, కూర తాలింపు వేస్తూ నీవు 'తప్పకుండా అండీ' అంటావు. అలా అనవద్దు. 'చూసి చెబుతానండి' అని, క్యాలెండర్ తెరిచి, వేళను మార్చి వ్రాసిన తరువాతనే ఒప్పుకో, లేదా పేజీ లింకు పంపి అందులో ఎంచుకోమను. మొదట్లో కొందరికి ఇది పొగరులా తోచవచ్చు. రెండు నెలల్లో అలవాటు పడతారు, పైగా తమ పాఠం ఇంకెవరికోసమో జరగదని తెలిసి నెమ్మదిస్తారు. మొదటి పాఠానికి రాహుకాలం తప్పించమని అడిగేవారు ఉంటారు, వారికోసం శనివారం 9 నుంచి 10:30 దాకా కొత్తవారికి తెరవకుండా ఉంచు. మా ఊరి రాహుకాలమా, మీ ఊరిదా అన్న మీమాంసలోకి మాత్రం దిగవద్దు, నేను ఒకసారి దిగి పశ్చాత్తాపపడ్డాను.

అంతా అమర్చాక ఒకసారి పరీక్షించుకో. అల్లుడుగారి ఫోన్‌లో కాలమానాన్ని కాసేపు డాలస్‌కు మార్చి, ఆయన ఖాతాలో నీ పేజీ తెరిచి చూడు. నీవు మూసిన వేళలు నిజంగా మూసి ఉన్నాయో లేదో, నీ ఉదయం ఆరున్నర అక్కడ ముందురోజు రాత్రిగా కనిపిస్తున్నదో లేదో అప్పుడు తెలుస్తుంది. ఒక స్లాట్ బుక్ చేసి, అదే వేళ మరొకసారి కనబడటం లేదని రూఢి చేసుకొని, రద్దు చేయి.

ఆ పని కాగానే లింకు నాకు పంపు. ఫిబ్రవరి 15 శివరాత్రి. ఆ సాయంత్రం గోదావరి గట్టు గుడిలో నీ కచేరీ ఉందని అన్నయ్య చెప్పాడు, దానిని నీవు బిజీ చేసే ఉంటావు. నేను మాత్రం 16వ తేదీ ఉదయం ఆరున్నరకు ఒక పాఠం బుక్ చేయడానికి ప్రయత్నిస్తాను. జాగరణ చేసిన మరునాడు ఆ స్లాట్ నాకు దొరికిందంటే, వెంటనే నీకు ఫోన్ చేస్తాను.

పిల్లవాడికి ముద్దులు. అన్నయ్యకూ వదినకూ నమస్కారాలు.

ఇట్లు,
మీ అత్తయ్య