టిఫిన్ డబ్బాలో కందిరీగ: ఫజ్ పెడల్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో ఇంట్లోనే ఫజ్ పెడల్, అంటే గిటార్ సౌండ్‌ని కందిరీగ రొదలా మార్చే, కాలితో తొక్కే పెట్టె, కట్టుకోవడం గురించి రాశాను కదా, రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పాట్లు (నాబ్ తిప్పి విలువ మార్చే రెసిస్టర్లు), అంతే సర్క్యూట్, 1966లో లండన్‌లో వచ్చిన గుండ్రటి ఫజ్ ఫేస్ పెడల్‌దే ఆ నమూనా. ఇంత చిన్నదానికి ఇన్ని ప్రశ్నలొస్తాయని అనుకోలేదు. అన్నీ వేయడం కుదరదు కాబట్టి పదిమందికీ పనికొచ్చేవి ఏరాను.

ప్రశ్న: అన్నా, మీరు రాసినట్టే కట్టిన. బీసీ547 ట్రాన్సిస్టర్లు, సామానంతా కోఠి గుజరాతీ గల్లీల తెచ్చిన. సౌండ్ వస్తుంది గానీ నోట్ కొట్టినంక సగంలనే తెగిపోతుంది, ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ గాని పాత స్కూటర్ లెక్క బుర్రు బుర్రుమంటుంది. మీటర్ పెడితే రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ కాడ 0.7 వోల్టులు చూపెడుతుంది. ట్రాన్సిస్టర్లు మార్చాల్నా?
— ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్ స్టూడెంట్, ఉప్పల్

జవాబు: మీటర్ పెట్టి చూసి అడిగావు చూడు తమ్ముడూ, అందుకే నీది ముందు వేశా. "సౌండ్ బాలేదు సార్, ఏం చేయాలి" అని ఒక్క ముక్క రాసి వదిలేసినవాళ్లు బోలెడుమంది, వాళ్లకి నేనేం చెప్పను.

నీ సమస్యంతా ఆ 0.7లోనే ఉంది. కలెక్టర్, బేస్, ఎమిటర్ అని ట్రాన్సిస్టర్‌కి మూడు కాళ్లు, ఆ కలెక్టర్ దగ్గర బ్యాటరీ 9 వోల్టుల్లో సగం, అంటే 4.5 దగ్గర ఉండాలి, సిగ్నల్ పైకీ కిందకీ ఊగాలంటే రెండువైపులా జాగా కావాలి కదా. నీది ఊయలని తీసుకెళ్లి గోడకి ఆనించి కట్టినట్టుంది. గట్టిగా కొడితే ఏదో గోల వస్తుంది, నోట్ సన్నబడగానే ట్రాన్సిస్టర్ పలకడం మానేస్తుంది.

ట్రాన్సిస్టర్ ఏం పోలేదు. ముందు ఆ 8.2 కిలోఓమ్ రెసిస్టర్ రంగులు చూడు: బూడిద, ఎరుపు, ఎరుపు ఉండాలి. మూడోది నారింజ అయిందా, అది 82 కిలో. ట్యూబ్‌లైట్ వెలుగులో ఆ రెండు రంగులూ కవల పిల్లల్లా ఉంటాయి. నేనూ ఒకసారి రాత్రి పదకొండింటికి ఇలాగే టంకం పెట్టేసి, సౌండ్ రాకపోతే ట్రాన్సిస్టర్ల మీద అనుమానంతో రెండూ పీకి కొత్తవి వేసి, ఆ పీకడంలో బోర్డు మీద రాగి గీత కూడా లేచిపోయి, పొద్దున బాల్కనీలో టీ తాగుతూ చూస్తే నారింజ రంగు. అప్పట్నుంచి రంగుల్ని నమ్మడం మానేశా, బోర్డులో పెట్టేముందు ప్రతి రెసిస్టర్‌నీ కొలిచే పెడతా.

అది సరిచేశాక కూడా నీకు 4.5 రాదు, ముందే చెప్తున్నా, 3 వోల్టుల చుట్టుపక్కల ఆగుతుంది. ఎందుకంటే ఆ 8.2 విలువ జర్మేనియం ట్రాన్సిస్టర్లని చూసి పెట్టింది. వాటికి బేస్ దగ్గర 0.2 వోల్టు ఉంటే చాలు, నీ బీసీ547 లాంటి సిలికాన్‌కి 0.6 కావాలి. దాంతో రెండో ట్రాన్సిస్టర్ ఎమిటర్ 0.7 దగ్గర నిలబడుతుంది, దాని కింద ఉన్నది 1 కిలోఓమ్ ఫజ్ పాట్ కాబట్టి 0.7 మిల్లీఆంప్ పారుతుంది, అదే కరెంటు పైన ఉన్న 8.2 కిలో, 470 ఓమ్ దాటుకుని రావాలి కాబట్టి అక్కడే 6 వోల్టులు ఖర్చయిపోతాయి. తొమ్మిదిలో ఆరు పోతే మూడు. కాబట్టి ఆ 8.2 పీకేసి 10 కిలోఓమ్ ప్రీసెట్ (విలువ మార్చుకోగలిగే బుల్లి రెసిస్టర్) పెట్టు, చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ 4.5 దగ్గర ఆపు, 6 కిలో దగ్గర్లో కుదురుతుంది. ఆ తర్వాత మీటర్ పక్కన పడేసి చెవితో అటూ ఇటూ కొంచెం జరిపి చూడు, నాకైతే 5కి కాస్త పైన, అంచులు చిరిగినట్టు వచ్చే సౌండే ఇష్టం.

ఇంకోటి, బీసీ547 మీద చివరి అక్షరం చూసి కొను. ఏ అంటే గెయిన్, అంటే కరెంటుని ఎన్ని రెట్లు పెంచుతుందన్న అంకె, 110 నుంచి 220, బీ అంటే 200 నుంచి 450, సీ అంటే 420 నుంచి 800. షాపువాడు చేతికందింది ఇస్తాడు, రెండూ సీలే పడితే సుయ్యిమని హిస్ ఎక్కువ. మరీ చెవులు కోస్తుంటే మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కీ బేస్‌కీ మధ్య 100 పీఎఫ్ (పికోఫారడ్) సిరామిక్ కెపాసిటర్ పెట్టు, ఆ కోత తగ్గుతుంది. 547 బదులు 2ఎన్3904 వేస్తున్నవాళ్లు కాళ్లు చూసుకోండి, చదునుగా ఉన్న వైపు మీకు కనపడేలా పట్టుకుంటే 547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్, 3904కి సరిగ్గా తిరగేసి. తిరగేసి పెట్టినా పూర్తిగా చావదు, నీరసంగా మూలుగుతుంది, అందుకే కనిపెట్టడం కష్టం.

ప్రశ్న: మా అబ్బాయి నా స్టీల్ టిఫిన్ డబ్బాకి ఆరు బొక్కలు పెట్టి లోపల వైర్లు పెట్టాడండి. దాన్ని కాలితో తొక్కి గిటార్ వాయిస్తాడట. షాక్ కొట్టదు కదా?
— ఒక అమ్మ, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: డబ్బాతో భయం లేదమ్మా, లోపలున్నది 9 వోల్టుల బ్యాటరీ, దాంతో షాక్ కొట్టదు. పైగా ప్లాస్టిక్ డబ్బాకన్నా స్టీలే నయం, సర్క్యూట్ గ్రౌండ్‌ని డబ్బాకి కలిపితే చుట్టుపక్కల కరెంటు వైర్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుయ్యి బయటే ఆగిపోతుంది. కాకపోతే టిఫిన్ డబ్బా మూత పలచన, నాలుగుసార్లు గట్టిగా తొక్కితే సొట్టపడి లోపలి జాక్ బోర్డుకి తగులుతుంది, లోపల ఒక ప్లైవుడ్ ముక్క ఆనించమనండి.

మీరు చూడాల్సింది ఆంప్లిఫయర్ ప్లగ్గు. గిటార్ తీగలు పెడల్ గుండా వెళ్లి ఆంప్ గ్రౌండ్‌కే కలుస్తాయి, కాబట్టి ఆంప్ ఎర్త్ సరిగా లేకపోతే ఆ కరెంటు వచ్చేది మీవాడి వేళ్లకే. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌లో బలవంతంగా దూర్చి వాడుతున్నాడేమో చూడండి. వేళ్లకి ఎప్పుడైనా చిర్రుమందంటే వాయించడం ఆపేసి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇక ఆ డబ్బా మాత్రం మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి, టంకంలో సీసం ఉంటుంది. కొత్త డబ్బా వాడి పాకెట్ మనీతోనే కొనిపించండి.

ప్రశ్న: నా ఫజ్‌లో రాత్రిపూట రేడియో వస్తోంది! గిటార్ వాల్యూమ్ తగ్గించగానే ఎవరో వార్తలు చదువుతున్నారు. మా తాతయ్య అయితే ముచ్చటపడి పక్కనే కుర్చీ వేసుకుంటున్నారు. ఎలా ఆపాలి?
— మలక్‌పేట పాఠకురాలు

జవాబు: తాతయ్యగారిని అడిగి ఆపండి ముందు.

ఇది తప్పేం కాదు, మీ పెడల్ నిజంగానే రేడియో అయింది. గిటార్ వైరు ఏరియల్, మొదటి ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ జంక్షన్ డయోడ్, పాతకాలం క్రిస్టల్ రేడియోకి కావలసినవి ఇవే కదా, ఆ తర్వాత ఎన్నో రెట్లు పెంచే ఫజ్ ఎలాగూ ఉంది. వచ్చేది మీడియం వేవ్ స్టేషన్. చీకటి పడ్డాక మీడియం వేవ్ ఆకాశంలో పైపొరకి తగిలి దూరం నుంచి కూడా వచ్చేస్తుంది కాబట్టి రాత్రుళ్లు పక్క రాష్ట్రం వార్తలు కూడా వినిపించొచ్చు. మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య, కాళ్లకి ఆనుకునేలా, 100 నుంచి 220 పీఎఫ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టండి, ఇన్‌పుట్‌లో వరసగా 1 కిలోఓమ్ రెసిస్టర్ వేయండి. అంతకన్నా పెద్ద రెసిస్టర్ వద్దు, ఫజ్ చప్పబడుతుంది. ఇన్‌పుట్ జాక్ నుంచి బోర్డు దాకా మామూలు వైరు కాకుండా షీల్డ్ వైరు, షీల్డ్‌ని ఒకవైపే గ్రౌండ్ చేయాలి.

ప్రశ్న: జర్మేనియం పెడితేనే అసలు ఫజ్ అంటారు. హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి? ఎంతైనా పెడతాను.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

జవాబు: ఎంతైనా పెడతాను అన్న మాట షాపులో మాత్రం అనకండి.

కొత్తవి వెతక్కండి, పాత ట్రాన్సిస్టర్ రేడియోలు వెతకండి, వాటి ఔట్‌పుట్ దగ్గర ఏసీ128 అనే జర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉంటాయి, మన బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లు చేసినవి కూడా కనిపిస్తాయి. జుమ్మెరాత్ బజార్‌లోనో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో పాడైన రేడియో దొరికితే బేరమాడి తెచ్చుకోండి. కానీ దొరికినవన్నీ పనికిరావు, లీకేజీ, అంటే బేస్‌కి ఏమీ ఇవ్వకపోయినా కారిపోయే కరెంటు, చూడాలి. ఎమిటర్‌ని బ్యాటరీ ప్లస్‌కి, కలెక్టర్‌ని 2.4 కిలో, 68 ఓమ్ వరసగా కలిపి మైనస్‌కి పెట్టి, ఆ రెసిస్టర్ల మీద వోల్టేజీ చూడండి, అది లీకేజీ. తర్వాత బేస్ నుంచి మైనస్‌కి 2.2 మెగాఓమ్ పెట్టి మళ్లీ చూడండి. రెండో అంకెలోంచి మొదటిది తీసేసి వందతో గుణిస్తే దాని గెయిన్. 1 వోల్టు వచ్చి అందులో 0.25 లీకేజీ అయితే గెయిన్ 75, పెడల్‌లో మొదటి ట్రాన్సిస్టర్‌గా బంగారం. రెండోదానికి 120 దగ్గర దొరికితే చాలు. టంకం పెట్టేటప్పుడు కాలుకి క్రొకడైల్ క్లిప్ తగిలించండి, ఇవి వేడికి తట్టుకోవు.

వేడి అన్నాను కదా, అసలు గొడవ అక్కడే. జర్మేనియం లీకేజీ ప్రతి 10 డిగ్రీలకీ దాదాపు రెట్టింపవుతుంది, 25 డిగ్రీల దగ్గర 100 మైక్రోఆంప్ అయితే 45 దగ్గర 400. మా పైఅంతస్తు గదిలో జనవరిలో 4.5 పెట్టి మురిసిపోయిన పెడల్ మే మధ్యాహ్నం 6 దాటింది, సౌండ్ చూస్తే తడిసిన టపాసు. కూలర్ ముందు పావుగంట పెడితే మళ్లీ బతికింది. లండన్ చలిలో పుట్టిన పెడల్ కదా పాపం. అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా, మన ఊళ్లో స్టేజీ మీద వాయించేవాళ్లకి సిలికానే దిక్కు, జర్మేనియం ఏసీ గదిలో రికార్డింగ్‌కి ఉంచుకోండి. పైగా ఏసీ128 పీఎన్‌పీ రకం, అంటే బీసీ547కి ప్లస్ మైనస్ తిరగేసినది, కాబట్టి అందులో బ్యాటరీ ప్లస్సే గ్రౌండ్, మిగతా పెడల్స్‌తో ఒకే అడాప్టర్‌కి కలిపారో అడాప్టర్ షార్ట్. దానికి విడిగా బ్యాటరీయే పెట్టండి.

ప్రశ్న: ఇంట్లో గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే ఫజ్ అందంగా క్లీన్ అయ్యేది. బ్యాండ్‌లో ట్యూనర్ పెడల్ ముందు పెట్టాక అది పోయింది.
— తార్నాక పాఠకుడు

జవాబు: ట్యూనర్‌లో బఫర్, అంటే గిటార్‌నీ తర్వాతి పెడల్‌నీ విడదీసే చిన్న సర్క్యూట్, ఉండి ఉంటుంది. ఈ ఫజ్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి అడ్డుపడే గుణం) చాలా తక్కువ, గిటార్ కాయిల్‌నీ వాల్యూమ్ పాట్‌నీ కూడా తన సర్క్యూట్‌లో భాగం చేసుకుని పనిచేస్తుంది, మధ్యలో బఫర్ దూరితే ఆ చుట్టరికం తెగుతుంది. గిటార్ తర్వాత మొదట ఫజ్, ఆ తర్వాతే ట్యూనర్.

ప్రశ్న: బాస్ మరీ బురదగా ఉంది. బ్యాటరీ కూడా వారానికే అయిపోతోంది.
— అల్వాల్ పాఠకుడు

జవాబు: ఇన్‌పుట్‌లో ఉన్న 2.2 మైక్రోఫారడ్ తీసి 0.1 పెట్టండి, బురద పోతుంది, మరీ పలచబడితే 0.47. బ్యాటరీ సంగతంటారా, ఈ సర్క్యూట్ 1 మిల్లీఆంప్ తాగితే గొప్ప, తినేది మీ ఎల్ఈడీ అయ్యుంటుంది, దాని రెసిస్టర్ 470 ఓమ్ ఉంటే 4.7 కిలో చేయండి. ఇన్‌పుట్‌కి మోనో జాక్ పెట్టుంటే స్టీరియో జాక్‌కి మార్చి, బ్యాటరీ మైనస్‌ని రింగ్ కాలుకి కలపండి, గిటార్ పిన్ను దూర్చినప్పుడే ఆన్ అవుతుంది. రాత్రి పడుకునే ముందు పిన్ను పీకేయడం మాత్రం మీ పనే.