సున్నా నుంచా, ఒకటి నుంచా?

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఆర్‌లో రాసుకున్న కోడంతా పైథాన్‌లోకి మారుస్తున్నావనీ, జవాబులు ఒక్క అంకె తేడాతో వస్తున్నాయనీ రాశావు. టెన్షన్ పడకు. నీకు లెక్కలు రాక కాదు, ఆ రెండు ప్రోగ్రామింగ్ భాషలూ లెక్క మొదలుపెట్టే చోటు వేరు.

1957లో వచ్చిన ఫోర్‌ట్రాన్ భాష ఒకటి నుంచి లెక్కపెట్టింది. మాత్రికల్లో వరుసలకు మనం అంకెలు వేసేదీ అలాగే కదా. మాట్‌ల్యాబ్, ఆర్, జూలియా భాషలు అదే పద్ధతి పట్టాయి. సున్నా మాత్రం బీసీపీఎల్, బీ భాషల మీదుగా సీకి వచ్చింది. సీలో ఇండెక్స్, అంటే జాబితాలో ఒక అంశాన్ని అడిగే అంకె, వరుస సంఖ్య కాదు, మొదటి గడి నుంచి ఎంత దూరం జరగాలన్నది. స్కేలు మీద గీతల్లాగే అది కూడా సున్నా దగ్గర మొదలవుతుంది. పైథాన్‌లో ఇండెక్స్ చూసినప్పుడల్లా "ఎన్నోది" అనుకోకుండా "ఎంత దూరం" అనుకో. సగం తికమక అక్కడే పోతుంది.

1982లో డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక చిన్న వ్యాసంలో సున్నా నుంచి లెక్కపెట్టడానికి చక్కటి కారణం చెప్పాడు. 2 నుంచి 12 వరకు ఉన్న సంఖ్యలను "2తో మొదలు, 13కి ముందు వరకు" అని రాస్తే, 13లోంచి 2 తీసేయగానే 11 ఉన్నాయని తెలుస్తుంది. తర్వాతి ముక్క సరిగ్గా 13 దగ్గర మొదలవుతుంది. అదే సున్నాతో మొదలుపెడితే తీసివేతే అక్కర్లేదు, చివరి అంకే ఎన్ని ఉన్నాయో చెప్పేస్తుంది. జాబితాను ముక్కలు కోసే పనికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదని నా నమ్మకం. పుస్తకంలోని లెక్కల సూత్రాన్ని ఉన్నదున్నట్టు దించాలంటే మాత్రం ఒకటి నుంచి లెక్కపెట్టడమే హాయి. అందుకే ఏది గొప్పన్న వాదనలో నువ్వు పడకు.

నీ జన్యువుల పనిలో అసలు ప్రమాదం ఫైళ్లలో ఉంది. డీఎన్‌ఏలో జన్యువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసే ఫైళ్లలో జీఎఫ్ఎఫ్, బెడ్ అని రెండు రకాలున్నాయి కదా. జీఎఫ్ఎఫ్ ఒకటి నుంచి లెక్కపెడుతుంది, చివరి స్థానాన్నీ కలుపుకుంటుంది. బెడ్ ఫైల్ సున్నా నుంచి మొదలై చివరిదాన్ని వదిలేస్తుంది. జీఎఫ్ఎఫ్‌లో 10, 20 అని ఉన్నది బెడ్‌లో 9, 20 అవుతుంది. రెండిట్లోనూ పొడవు 11. మొదటి అంకె మాత్రమే మారింది, చూశావా? రెండు అంకెల్లోంచీ ఒకటి తీసేస్తే ఆ డీఎన్‌ఏ ముక్కలో చివరి అక్షరం పోతుంది.

కోడ్‌లో కనిపించిన చోటల్లా ఒకటి కలపడం, తీయడం వద్దు. ఫైల్ చదివే చోట ఒక్క ఫంక్షన్ రాసి అక్కడే మార్చెయ్. లోపలంతా ఒకే పద్ధతి ఉండాలి. బయటికి రాసేటప్పుడు మళ్లీ ఒక్కచోటే వెనక్కి మార్చు. వేరియబుల్ పేరులోనే అది ఏ లెక్కో తెలిసేలా పెట్టుకో.

ఇంకో సంగతి, ఈ తప్పులు చాలాసార్లు ఎర్రర్ ఇవ్వవు. ఆర్‌లో సున్నా ఇండెక్స్ అడిగితే ఖాళీ వెక్టర్ (ఏమీ లేని జాబితా) ఇచ్చి ఊరుకుంటుంది. మైనస్ ఒకటి అడిగితే ఆర్ మొదటిది తీసేసి మిగతావన్నీ ఇస్తుంది, పైథాన్ చివరిది ఇస్తుంది. ఆర్‌లో ఖాళీ వెక్టర్ మీద "ఒకటి నుంచి పొడవు వరకు" అని లూప్ రాస్తే, ఒక్కసారీ తిరగకూడనిది 1, 0 అంటూ రెండుసార్లు తిరుగుతుంది. అందుకని ఖాళీది, ఒకే అంశం ఉన్నది, మొదటిది, చివరిది, ఈ నాలుగూ చేత్తో లెక్కవేసి కోడ్ జవాబుతో పోల్చు.

ముందు ఆ జీఎఫ్ఎఫ్ చదివే ఫంక్షన్ రాసి నాకు పంపు. ఆదివారం కూర్చుని ఇద్దరం చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ