పాఠకుల ప్రశ్నలు: నల్లజాతి సంగీత చరిత్రలో 1939

ప్రశ్న: అమెరికా నల్లజాతీయుల సంగీత చరిత్రలో 1939ను మైలురాయిగా చెబుతారు. ఆ ఏడాది ఏం జరిగింది?

జవాబు: అన్నిటికన్నా ముందు చెప్పుకోవలసింది మేరియన్ ఆండర్సన్ కచేరీ గురించి. ఫిలడెల్ఫియాలో పుట్టిన ఈ గాయనికి అప్పటికే యూరప్ బ్రహ్మరథం పట్టింది. 1935లో సాల్జ్‌బర్గ్‌లో ఆమె పాట విన్న ఆర్కెస్ట్రా నిర్దేశకుడు టోస్కనీనీ, ఇటువంటి గొంతు నూరేళ్లకొకసారి గాని వినబడదని మెచ్చుకున్నాడు. అంతటి విద్వాంసురాలికి స్వదేశపు రాజధానిలో పాడటానికి హాలు దొరకలేదు. హోవర్డ్ విశ్వవిద్యాలయం ఆమె కచేరీ కోసం వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలును అడిగితే, దాని యజమానులైన 'డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్' అనే మహిళా సంఘం నిరాకరించింది. తెల్లజాతి కళాకారులకే హాలు ఇవ్వాలన్న షరతు వారి ఒప్పంద పత్రాల్లోనే ఉండేది. తెల్లవారి పిల్లలు చదివే ఉన్నత పాఠశాల ఆడిటోరియం ఇవ్వడానికి నగర విద్యామండలి కూడా మొదట ఒప్పుకోలేదు. అధ్యక్షుడి సతీమణి ఎలీనార్ రూజ్‌వెల్ట్ ఆ మహిళా సంఘంలో సభ్యురాలు. ఫిబ్రవరిలో ఆమె రాజీనామా చేయడంతో ఈ వ్యవహారం దేశమంతా చర్చకు వచ్చింది.

నల్లజాతీయుల హక్కుల సంఘం ఎన్‌.ఎ.ఎ.సి.పి. నాయకుడు వాల్టర్ వైట్ తదితరులు పట్టుబట్టగా, అంతరంగిక వ్యవహారాల మంత్రి హెరాల్డ్ ఇక్కీస్ లింకన్ స్మారక మందిరం మెట్ల మీద కచేరీకి అనుమతించాడు. ఏప్రిల్ 9, ఈస్టర్ ఆదివారం నాడు, చలిగా ఉండటంతో బొచ్చుకోటు కప్పుకొని వచ్చిన ఆమె ముందు, నల్లవారూ తెల్లవారూ కలిసి దాదాపు 75,000 మంది నిలిచారు. ఇంకా ఎందరో రేడియోలో విన్నారు. ఆమె దేశభక్తి గీతంతో మొదలుపెట్టి, ఇటాలియన్ ఒపేరా పాట, షూబర్ట్ స్వరపరచిన ప్రార్థన పాడిన తరువాత, బానిసత్వ కాలంలో పుట్టిన స్పిరిచ్యువల్స్ అనే భక్తి గీతాలకు వచ్చింది. ఆ వరుసను నేను ఎంతో గౌరవిస్తాను: తన పూర్వీకుల పాటలను యూరప్ శాస్త్రీయ సంగీతం పక్కన, దానికి సమానమైన స్థానంలో నిలబెట్టడానికి ఆమెకు ఉపన్యాసం అవసరం కాలేదు. అయితే ఆ ఒక్క సాయంత్రంతో తలుపులన్నీ తెరుచుకున్నాయనుకోవడం పొరపాటు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో పాడే తొలి నల్లజాతి గాయనిగా ఆమె అడుగుపెట్టేసరికి 1955 వచ్చింది.

ప్రశ్న: బిల్లీ హాలిడే పాడిన 'స్ట్రేంజ్ ఫ్రూట్' కూడా అదే ఏడాది వచ్చిందా? ఒక్క పాటకు అంత పేరు ఎందుకు?

జవాబు: ఆండర్సన్ కచేరీ జరిగిన 11 రోజులకే, ఏప్రిల్ 20న, ఆ పాట రికార్డయింది. నల్లవారిని మూకలు చెట్లకు వేలాడదీసి చంపిన అకృత్యాల గురించి బ్రాంక్స్‌కు చెందిన యూదు ఉపాధ్యాయుడు ఏబెల్ మీరోపోల్ రాసిన కవితే ఈ పాట. ఇటువంటి హత్యలను అరికట్టే బిల్లును ప్రతినిధుల సభ 1937లో ఆమోదించినా, మరుసటి ఏడాది సెనేట్‌లో దక్షిణాది సభ్యులు రోజుల తరబడి ప్రసంగాలు చేసి దానిని అడ్డుకున్నారు. అటువంటి చట్టం రావడానికి 2022 దాకా ఆగవలసి వచ్చింది. చట్టసభలో ఓడిపోయిన మాట పాటలో నిలబడింది కనుకనే దానికి అంత పేరు.

అప్పటికి హాలిడే వయసు 24 ఏళ్లు. నల్లవారిని, తెల్లవారిని ఒకే గదిలో కూర్చోబెట్టిన 'కెఫే సొసైటీ' అనే న్యూయార్క్ క్లబ్బులో ఆమె ఈ పాటను చివరిగా పాడేది. పాట మొదలయ్యే ముందు వడ్డన ఆపేసేవారు; దీపాలన్నీ ఆర్పి, ఆమె ముఖం మీద ఒక్క వెలుగు మాత్రం ఉంచేవారు; పాట పూర్తికాగానే అదీ ఆరిపోయేది. ఎంత చప్పట్లు కొట్టినా ఆమె మళ్లీ వచ్చేది కాదు. ఆమె పాటలు విడుదల చేసే పెద్ద కంపెనీ కొలంబియా దీనిని రికార్డు చేయడానికి ఒప్పుకోకపోతే, మిల్ట్ గేబ్లర్ అనే రికార్డుల దుకాణదారు తన చిన్న సంస్థ కమడోర్ ద్వారా విడుదల చేశాడు.

ప్రశ్న: సంగీతం కాక తక్కిన కళల్లో?

జవాబు: న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం శిల్పి ఆగస్టా సావేజ్ 16 అడుగుల ఎత్తున ఒక వీణను పోలిన హార్ప్‌ను మలచింది, అందులో తీగలకు బదులు పాడుతున్న నల్లజాతి గాయకులు వరుసగా నిలబడి ఉంటారు. కంచులో పోత పోయించడానికి డబ్బు లేక, ప్రదర్శన ముగిశాక దానిని పగలగొట్టారు. నాకు మాత్రం ఇది అతి పెద్ద నష్టం. సినిమా విషయానికి వస్తే, డిసెంబరులో అట్లాంటాలో 'గాన్ విత్ ది విండ్' తొలి ప్రదర్శన జరిగినప్పుడు, జార్జియా వర్ణవివక్ష కారణంగా అందులో నటించిన హాటీ మెక్‌డేనియల్ హాజరు కాలేకపోయింది. రెండు నెలలకే ఆస్కార్ గెలిచిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమే.

ప్రశ్న: ఆ ఏడాది సంగీతం వినాలనుకునేవారు దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: కోల్‌మన్ హాకిన్స్ టెనార్ శాక్సఫోన్ మీద అక్టోబరు 11న వాయించిన 'బాడీ అండ్ సోల్'తో మొదలుపెట్టండి. నిడివి మూడు నిమిషాలే. మొదటి కొన్ని క్షణాలు అసలు బాణీని అనుసరించి, ఆ తరువాత దానిని దాదాపు పూర్తిగా వదిలి, పాట కింద ఉన్న స్వరసమూహాల ఆధారంగానే ఆయన కొత్త బాణీ అల్లుకుంటూ పోతాడు. ముందు పాట మామూలుగా ఎలా ఉంటుందో ఎవరైనా గాయకుడు పాడగా విని, ఆ తరువాత దీనిని వింటే, ఆయన ఎక్కడ దారి మళ్లాడో మీకే తెలుస్తుంది.