పర్యావరణ పాదముద్రతో మన భారాన్ని కొలవగలమా?

ఒక్క మనిషి భూమిపై మోపే భారాన్ని కొలవడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు, కొంతమేరకు సాధ్యమేనన్నది నా సమాధానం. 1990ల తొలినాళ్లలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం రీస్, మాథిస్ వాకర్‌నాగెల్ రూపొందించిన పర్యావరణ పాదముద్ర అనే కొలమానం, మన తిండికి, కలపకు, పశుగ్రాసానికి, చేపలకు, కట్టడాలకు కావలసిన నేలను, నీటిని లెక్కగట్టి, మనం విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునేందుకు అవసరమయ్యే అడవిని కూడా దానికి కలిపి, మొత్తాన్ని గ్లోబల్ హెక్టార్లలో, అంటే ప్రపంచ సగటు ఉత్పాదకత ఉన్న హెక్టార్లలో, తెలుపుతుంది.

ఈ లెక్క ప్రకారం, భూమి ఏడాదిలో తిరిగి సమకూర్చగలిగిన దానికి దాదాపు 1.7 రెట్లు మానవాళి వాడుకుంటోంది. ఉన్నదానికి మించి ఎలా వాడగలుగుతున్నామంటే, అడవులను, చేపల నిల్వలను అవి పెరిగే వేగానికి మించి తరిగిస్తూ, మిగిలిన కార్బన్‌ను గాలిలో పేరుకుపోనిస్తున్నాం. 1970ల నుంచి సాగుతున్న ఈ లోటు నాకు నిజంగా ఆందోళన కలిగిస్తుంది.

పాదముద్రలో సగానికి పైగా కార్బన్‌దే కనుక, బొగ్గు, చమురు వాడకాన్ని తగ్గించడమే అన్నిటికంటే ఎక్కువ ఫలితమిస్తుంది. అయితే వ్యక్తి ఎంత పొదుపరి అయినా, తన ఇంటికి వచ్చే కరెంటు బొగ్గుతో తయారవుతున్నంత కాలం, ఆ భారంలో కొంత భాగం అతని చేతిలో ఉండదు. విషపూరిత వ్యర్థాలు, జీవజాతుల అంతరింపు ఈ కొలమానంలోకి నేరుగా రావు.