జైలు నుంచి వచ్చిన తమ్ముడికి బొమ్మలు నేర్పిస్తే తేరుకుంటాడా?

మీ తమ్ముడు జైలు నుంచి వచ్చాక గది వదలడం లేదనీ, రంగులూ కాగితాలూ కొనిస్తే మనిషవుతాడా అనీ అడిగారు. కొనకండి. అదే గదిలో ఇంకాస్త ఒంటరిగా కూర్చోడానికి సాకు దొరుకుతుంది. పదిమందిలో పడి చేసే కళేదైనా చూడండి.

మాది గజపతినగరం పక్క పల్లె. మా చిన్నాన్న కొడుకు గట్టు తగాదా కేసులో విశాఖ దగ్గరి అడవివరం సెంట్రల్ జైల్లో ఉండొచ్చాడు. ఇంటికొచ్చాక కూడా పొద్దుగూకేసరికి తనంతట తనే లోపలికెళ్లి తలుపేసుకునేవాడు. అక్కడ లాకప్ వేళ అది. పేరు పెట్టి పిలిస్తే చాలు, చటుక్కున లేచి నిలబడేవాడు.

తప్పెటగుళ్లంటే పాడుతూ, వాయిస్తూ జట్టుగా ఆడే మా వైపు ఆట. ఆ ఏడు మా తప్పెటగుళ్ల జట్టులో కుర్రాళ్లు చాలామంది చెన్నైకి కూలికెళ్లిపోయారు. అమ్మవారి పండగ దగ్గరపడింది. గురువుగారు తిన్నగా ఇంట్లోకొచ్చి, "ఏటిరా అలా సూస్తావు? కట్టుకో" అని వాడి ఛాతీకి రేకు తప్పెట కట్టేశారు. కాళ్లకి గజ్జెలు, రెండు చేతులా వాయింపు, వంగుతూ లేస్తూ గుండ్రంగా తిరగాలి. ఒక్కడి అడుగు తప్పినా తెలిసిపోతుంది. అరచేతులు వాచిపోయేవి గానీ, ఆ మోతలో ఇంకో ఆలోచన తలలో దూరదు.

పండగ రాత్రి సారంగధర కథ అయ్యాక, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కే విన్యాసం. వాడు బలిష్ఠుడని కింద నిలబెట్టారు. పైకెక్కే గుంటడు ఎవరనుకున్నారు? కేసులో వాడి మీద సాక్ష్యం చెప్పిన పెద్దాయన మనవడు. ఆయన ఎదురుగానే ఉన్నాడు, వద్దనలేదు. ఆ పిల్లాడి మడమలు పట్టుకున్న మావాడి వేళ్లు తెల్లగా పాలిపోయాయి. మర్నాడు టీ కొట్టు దగ్గర పెద్దాయనే ముందు పలకరించాడు. ఏ డ్రాయింగు పుస్తకం చేస్తుందండీ ఆ పని?

ఇప్పుడు పండగ కమిటీలు డీజేకి అడిగినంతా పోస్తాయి. తప్పెటగుళ్ల వాళ్ల దగ్గరకొచ్చేసరికి "భోజనం పెడతాం కదా" అని బేరాలు. జట్లు ఇలా చెదిరిపోతే మీ తమ్ముడిలాంటి వాళ్లు ఎక్కడికెళ్లాలి?

మేం యాదవులం, మాకు తప్పెటగుళ్లు ఇంటి విద్య. మీకు కోలాటమో, చెక్కభజనో దగ్గరవుతుందేమో. దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవానికి జట్లు వస్తాయి, తీసుకెళ్లి చూపించండి. బెయిలు మీద ఉన్నాడంటే మాత్రం, స్టేషన్లో సంతకం పెట్టే రోజు చూసుకుని మరీ బయల్దేరండి.