శుక్రవారం మాత్రం వద్దు

వెళ్లొద్దామా? పాఠకుల ప్రయాణ సందేహాలకు ఓ రిటైర్డ్ సోషల్ టీచర్ జవాబులు

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. ఇద్దరు పిల్లలు, ఒకడు ఆరో తరగతి, పాప మూడు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. ఒక్క రోజులో సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, గోల్కొండ, బిర్లా మందిర్, జూపార్కు అన్నీ చూపిస్తానంటున్నారు మా ఆయన. ఆయనకు శుక్రవారం సెలవు. అయ్యే పనేనా?
ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: కాదమ్మా. ముందు శుక్రవారం సంగతి తేల్చుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కు శుక్రవారమే సెలవు. ఆదివారమో సోమవారమో ఉంటుందనుకుని వచ్చి, గేటుకు తాళం చూసి పిల్లలకు ఐస్‌క్రీమ్ కొనిచ్చి సముదాయించే నాన్నలు అక్కడ ఎప్పుడూ కనిపిస్తారు. మీ ఆయన్ను సెలవు మార్చుకోమనండి. రెండో శనివారమైతే పిల్లలకూ బడి ఉండదు.

ఇక ఆయన జాబితా. జూపార్కు ఒక్కదానికే రోజంతా చాలదు. గోల్కొండ, బిర్లా మందిర్ రెండూ గుట్ట మీదివి, అత్తమ్మను మెట్ల కింద కూర్చోబెట్టి మీరు పైకెళ్తే ఆమెకు ఏం సంతోషం? ఈ మూడూ కొట్టేయండి. మూసీకి అవతల సాలార్‌జంగ్, చౌమహల్లా, చార్మినార్ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఆ మూడే ఒక రోజుకు సరిపడా.

పొద్దున ఆరింటికల్లా బస్సెక్కండి. ఎక్స్‌ప్రెస్ అయితే ఆధార్ కార్డు చూపించి మీరు, అత్తమ్మ, పాప ఉచితంగా వెళ్లొచ్చు, మీ ఆయనకూ బాబుకే టికెట్టు. సూపర్ లగ్జరీకి ఆ సౌకర్యం లేదు. బస్సు మహాత్మాగాంధీ బస్టాండ్ దాకా వెళ్తుందో లేదో ఎక్కేముందే కండక్టర్‌ను అడగండి. ఉప్పల్‌లో దింపేస్తే టెన్షన్ పడొద్దు, అక్కడే మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో మారితే అదే బస్టాండ్ దగ్గర దిగుతారు. స్టేషన్లలో లిఫ్టులుంటాయి కాబట్టి అత్తమ్మకు ఇబ్బంది ఉండదు. అక్కడి నుంచి మ్యూజియానికి ఆటో.

సాలార్‌జంగ్ పదింటికి తెరుస్తారు. అత్తమ్మకు చక్రాల కుర్చీ దొరుకుతుందేమో లోపలికి వెళ్లగానే అడగండి, మొహమాటపడొద్దు. అన్ని గదులూ చూడాలని మాత్రం పట్టుబట్టకండి. పింగాణీ గదుల్లో పిల్లలు పది నిమిషాల్లో ఆవలిస్తారు, నేను తీసుకెళ్లిన ప్రతి బ్యాచూ అంతే. ముందుగా ముసుగు రెబెక్కా దగ్గరికి వెళ్లండి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ, 1876లో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడు. పల్చటి ముసుగులోంచి ముఖం కనిపిస్తుంది. ముసుగూ రాయే, ముఖమూ రాయే. రామప్పలో నాగిని శిల్పం చూసి పెరిగిన మనకు రాతి పనితనం కొత్త కాదు, అయినా ఇక్కడ కాసేపు కాళ్లు కదలవు. తర్వాత చెక్కతో చేసిన జంట బొమ్మ. ముందు నుంచి చూస్తే సైతాను, వెనక తల వంచుకున్న అమ్మాయి. వెనక అద్దం పెట్టారు, అది ఎందుకో పిల్లలనే కనిపెట్టమనండి.

పన్నెండుకు ఇంకా పావుగంట ఉందనగా మ్యూజియంలోనే ఉన్న బొమ్మల గడియారం దగ్గరికి చేరిపోవాలి. గంట గంటకూ చిన్న మనిషి బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి వెళ్తుంది, పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు కాబట్టి జనం అప్పుడే పోగవుతారు. కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ వేస్తూనే ఉంటుంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. కూర్చోవడానికి చోటుంటుంది, అత్తమ్మకు విశ్రాంతి కూడా.

భోజనానికి ఇంటి నుంచి పులిహోర కట్టుకోండి. తర్వాత చౌమహల్లా. నిజాముల దర్బారు హాలు, పైన వేలాడే షాండ్లియర్లు, ముందు నీళ్ల హౌజు, ఒక పక్క పాత కార్లు. బాబును ఆ కార్ల దగ్గర నుంచి లాక్కురావడమే కష్టం. ఎండ తగ్గాక చార్మినార్. 1591లో కులీ కుతుబ్‌షా కట్టించాడని బాబుకు పుస్తకంలో ఉండే ఉంటుంది. పైకి మెట్లు ఇరుకు, మలుపులు తిరుగుతాయి. తండ్రీ పిల్లలను ఎక్కనివ్వండి. మీరు, అత్తమ్మ లాడ్ బజార్లో లక్క గాజులు చూసుకోండి. చెప్పిన ధరకు కొనకండి.

ప్రశ్న: మేడమ్, నేను బీఏ హిస్టరీ విద్యార్థినిని. హైదరాబాద్‌లో అందరూ చూసేవి కాకుండా పాత ఇళ్లు చూడాలని ఉంది.
కరీంనగర్

జవాబు: కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీకి వెళ్లమ్మా. నిజాం దర్బారులో బ్రిటిష్ వాళ్ల ప్రతినిధిని రెసిడెంట్ అనేవారు; ఆ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ 1800ల మొదట్లో కట్టించిన ఇల్లు. పెద్ద పెద్ద స్తంభాలు, మెట్లకు రెండు పక్కలా సింహాలు. హైదరాబాద్ పెద్దింటి అమ్మాయి ఖైరున్నీసాను పెళ్లాడి ఇక్కడే కాపురం పెట్టాడు. తర్వాత ఇది మహిళా కళాశాల అయింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయం. మన పాలకుర్తిలో దొర మీద తిరగబడి భూమి నిలబెట్టుకున్న ఐలమ్మ పేరు, దొరలకే దొరైన రెసిడెంటు ఇంటి ప్రాంగణానికి! నాకైతే ఆ బోర్డు చూడటానికే వెళ్లొచ్చనిపిస్తుంది. చదువుకునే చోటు కాబట్టి లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కో. నాంపల్లిలో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్, పాతబస్తీలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల కోసం కట్టిన పొడవాటి బీరువాల హాలున్న పురానీ హవేలీ కూడా రాసుకో. ఈ హవేలీకీ శుక్రవారం సెలవే.

ప్రశ్న: ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప మన దగ్గరే ఉండగా హైదరాబాద్‌కు పోయి చూసేదేముంది? అక్కడ మనవి ఏమున్నాయి?
ములుగు పాఠకుడు

జవాబు: గోల్కొండ ఉంది కదా సార్. కుతుబ్‌షాహీలు రాకముందు అది కాకతీయుల నాటి మట్టికోట. ఓరుగల్లును ఏలిన ముసునూరి కాపయ నాయకుడు దాన్ని బహమనీ సుల్తానుకు వదులుకోవాల్సి వచ్చింది. అదీ మన చరిత్రే. ఇంతకీ ఓరుగల్లు కోటలో ఖుష్ మహల్ అనే పాత దర్బారు హాలు లోపలికి మీరెప్పుడైనా వెళ్లారా? తోరణాల దగ్గర ఫొటో దిగి, దాన్ని చూడకుండానే బస్సెక్కేవాళ్లే ఎక్కువ. ముందు అది చూడండి. తర్వాత గోల్కొండ, పొద్దున్నే ఎక్కండి, నీళ్ల సీసా మర్చిపోకండి. దానికి శుక్రవారం సెలవు లేదు.