ఉంగరం చూపే ఇన్సులిన్ గ్రాఫ్‌ను నమ్మొచ్చా?

ప్రశ్న: భోజనం తర్వాత ఇన్సులిన్ ఎంత పెరిగిందో సూది గుచ్చకుండానే చూపిస్తుందంటే ఒక స్మార్ట్ ఉంగరం కొన్నాను. యాప్‌లో రోజూ గ్రాఫ్ వస్తోంది. ఇక ల్యాబ్ పరీక్ష మానేయొచ్చా?

మానేయకండి. వస్తువు ఒకసారి ఉంగరం, ఒకసారి వాచీ, ఒకసారి చేతిపట్టీ. ప్రశ్న మాత్రం ఇదే, మళ్లీ మళ్లీ వస్తోంది. రక్తంలోని ఇన్సులిన్‌ను చర్మం పైనుంచి కొలిచే ఉంగరం గానీ వాచీ గానీ ఇప్పుడు మార్కెట్లో లేదు. ఇన్సులిన్ దాకా ఎందుకు, గ్లూకోజ్‌కే దిక్కు లేదు. చర్మాన్ని గుచ్చకుండా గ్లూకోజ్ చెబుతామనే వాచీలను, ఉంగరాలను వాడొద్దని, అలాంటి వాటిలో ఒక్కదానికీ అనుమతి ఇవ్వలేదని అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

ఎందుకు కుదరదో అంకెలే చెబుతాయి. పరగడుపున రక్తంలో సుమారు పది కోట్ల గ్లూకోజ్ అణువులకు ఒక్క ఇన్సులిన్ అణువు ఉంటుంది. తిన్నాక ఇన్సులిన్ ఎన్నో రెట్లు పెరిగినా కోట్లలో ఒకటిగానే ఉంటుంది. ఉంగరంలో ఉండేది చిన్న ఎల్‌ఈడీ, వెలుతురును పట్టే సెన్సర్. వేలిలో రక్తం పొంగి తగ్గడాన్ని బట్టి అది గుండె వేగం చెప్పగలదు. 51 అమైనో ఆమ్లాలతో తయారైన ఇన్సులిన్ అనే ప్రొటీన్‌ను వెతికి పట్టుకోవడం దాని వల్ల కాదు. ల్యాబ్‌లో కూడా ఇన్సులిన్‌కు అతుక్కునే యాంటీబాడీల సాయంతోనే కొలుస్తారు. అమెరికా శాస్త్రవేత్తలు రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ కలిసి ఆ దారి వేశారు. 1977లో యాలోకు నోబెల్ తెచ్చిపెట్టిన పని అది. అంత కష్టమైన కొలతను ఎల్‌ఈడీతో చేసేస్తున్నామని ఎవరైనా అంటే, ఆధారం చూపించమని అడగాలి.

మరి మీ గ్రాఫ్ ఎక్కడి నుంచి వస్తోంది? మీరే తేల్చుకోవచ్చు. ఏమీ తినకుండా యాప్‌లో ‘భోజనం చేశాను’ అని నొక్కండి. కాసేపటికి గీత పైకి లేచిందంటే, దాన్ని లేపింది ఆ బటనే, మీ ఒళ్లు కాదు. ప్రొఫైల్‌లో బరువు పది కిలోలు పెంచి చూడండి. నిన్నటి గీత కూడా మారిపోతే ఇక అనుమానమే అక్కర్లేదు. అంకె పక్కన యూనిట్ ఉందో లేదో కూడా గమనించండి. పరగడుపున లీటరుకు 60 పికోమోల్స్ అంటే మామూలే. మిల్లీలీటరుకు 60 మైక్రోయూనిట్లంటే దానికి దాదాపు ఆరు రెట్లు. యూనిట్ లేకుండా ఉత్త ‘60’ చూపించే యాప్‌ను తయారుచేసినవాళ్లకు వాడేవాళ్ల ఆరోగ్యం పట్టలేదనే నేను అనుకుంటాను.

ఇన్సులిన్ తెలుసుకోవాలన్న మీ ఆలోచనలో తప్పేమీ లేదు. ఒంటికి ఇన్సులిన్ సరిగా పట్టనప్పుడు షుగర్ ఏళ్ల తరబడి మామూలుగానే కనిపించొచ్చు. దాన్ని అక్కడ నిలపడానికి క్లోమం మాత్రం రెట్టింపు కష్టపడుతూ ఉంటుంది. చేతికి అతికించే గ్లూకోజ్ సెన్సర్‌కు ఈ సంగతి తెలియదు. సూది లేకుండా తెలుసుకునే దారి ఒకటి నిజంగానే ఉంది. అది మూత్ర పరీక్ష. క్లోమం ఇన్సులిన్‌తో పాటు సీ-పెప్టైడ్ అనే ముక్కను కూడా అంతే సంఖ్యలో వదులుతుంది. ఇన్సులిన్‌లో సుమారు సగాన్ని కాలేయం మొదటే తీసేసుకుంటుంది. మిగిలింది కూడా నిమిషాల్లో కరిగిపోతుంది. సీ-పెప్టైడ్‌ను కాలేయం అలా తీసుకోదు, రక్తంలో ఇంకాస్త ఎక్కువసేపు ఉండి, కొంత మూత్రంలోకి వస్తుంది. భోజనమైన రెండు గంటలకు ఇచ్చిన మూత్రంలో దాన్ని క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థంతో పోల్చి లెక్కగడతారు. బయటి నుంచి ఇన్సులిన్ తీసుకునేవాళ్లలో కూడా సొంత క్లోమం ఎంత పనిచేస్తోందో దీనితో తెలుస్తుంది. నిమిషానికో చుక్క పెట్టే గ్రాఫ్ మాత్రం రాదు. కిడ్నీ సమస్య ఉంటే లెక్క తప్పుతుంది. కాబట్టి చేయించాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. లాలాజలంలోనూ తిన్నాక ఇన్సులిన్ పెరుగుతుంది, కానీ రక్తంలో కంటే ఆలస్యంగా. అది ఇంకా పరిశోధన దశ దాటలేదు.

నాకు టెన్షన్ పుట్టించే విషయం వేరే ఉంది. మీ ఉంగరం షుగర్ అంకె కూడా చూపిస్తుంటే, అది ఆ యాప్‌తోనే ఆగదు. ఆండ్రాయిడ్‌లోని హెల్త్ కనెక్ట్‌లో ఒక యాప్ రాసిన రీడింగ్‌ను ఇంకో యాప్ చదువుకుంటుంది. అందులో గ్లూకోజ్ రీడింగ్‌కు నమూనా ఎక్కడిదో చెప్పే గడి ఒకటుంది. వేలి రక్తం, ప్లాస్మా, చర్మం కింది ద్రవం, చివరికి కన్నీళ్లు కూడా అందులో ఉన్నాయి. ‘ఊహించి రాశాం’ అనే ఎంపిక లేదు. ‘తెలియదు’ అని వదిలేసినా రీడింగ్ లోపలికి వెళ్లిపోతుంది. అవతల డోసు లెక్కగట్టే యాప్ దాన్ని నిజం అనుకుని ఇన్ని యూనిట్లు తీసుకోమంటే? షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు, ప్రాణమే పోవచ్చు. కొన్ని ఇన్సులిన్ పంపుల వైర్‌లెస్‌లో లోపం ఉందని, దగ్గర్లో ఉన్నవాళ్లు సెట్టింగులు మార్చేయగలరని ఎఫ్‌డీఏ 2019లో హెచ్చరించింది. అక్కడ ఆ పని తెలిసిన దుర్మార్గుడు ఒకడు కావాలి. ఇక్కడ ఎవరూ అక్కర్లేదు, మనమే చదవకుండా ‘అన్నీ అనుమతించు’ నొక్కేస్తున్నాం. ఈరోజే హెల్త్ కనెక్ట్ తెరిచి, ఆ యాప్‌కు బ్లడ్ గ్లూకోజ్ రాసే అనుమతి తీసేయండి. అది ఇప్పటిదాకా రాసిన డేటాను కూడా డిలీట్ చేయండి.

ప్రశ్న: ఇలాంటి యాప్‌కు లొకేషన్, కాంటాక్ట్స్ అనుమతులు ఇవ్వాలా?

ఆండ్రాయిడ్ 11, అంతకు ముందు వెర్షన్లలో బ్లూటూత్ పరికరాన్ని వెతకాలంటే లొకేషన్ తప్పనిసరి. 12 నుంచి దానికి వేరే అనుమతి ఉంది. కాంటాక్ట్స్ ఇవ్వకండి. ఇవ్వకపోతే పనిచేయనంటే ఆ యాప్‌నే తీసేయండి.

ప్రశ్న: అప్‌డేట్ చేశాక పోయిన నెల రీడింగులు మారిపోయాయి. ఫోన్‌లో లోపమా?

ఫోన్‌లో కాదు. కొత్త ఫార్ములాతో పాతవన్నీ మళ్లీ లెక్కగట్టారు. కొలిచిన అంకెను ఎవరూ తర్వాత దిద్దరు. పోయిన నెల రక్తం ఈ నెల మారదు కదా! ఇలాంటి అప్‌డేట్ నోట్‌లో ‘చిన్న చిన్న లోపాలు సరిచేశాం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఆ రీడింగులు చూసి మందు మార్చుకున్న మనిషి ఉండొచ్చన్న ఆలోచనే లేదు. ఆరోగ్యానికి సంబంధించిన అంకె చూపే ఏ యాప్ అయినా ఫార్ములా మారిస్తే ఆ సంగతి తెరమీదే చెప్పాలి. పాత అంకెలను పాత వెర్షన్ పేరుతో అలాగే ఉంచాలి. అలా చేసేదాకా ఆటో అప్‌డేట్ ఆపేసి, అప్‌డేట్‌కు ముందు రీడింగులను ఫైలుగా దాచుకోండి. డాక్టరుకు చూపించేటప్పుడు ఇవి యాప్ అంచనాలని ముందే చెప్పండి.